ఉస్తాద్ గారి కొలతాడు

మదనపల్లె – పుంగనూరు – కుప్పం ఆటల శిక్షకుల సంఘం
(స్థాపితం 1977, సభ్యులు పదకొండుమంది)
కార్యదర్శి చిరునామా: సైకిలు షాపు మిద్దె పైన, బస్టాండు ఎదురు, పుంగనూరు
తేది: 16-11-1981, సోమవారం

మదనపల్లె సబ్ కలెక్టరు గారికి

అయ్యా,

విషయం: మొన్న శనివారం మదనపల్లె సంత మైదానంలో మా సంఘాధ్యక్షులు అలావుద్దీన్ ఉస్తాద్ గారిని క్రీడల తనిఖీ అధికారి శ్రీ దేవరాజులు గారు ముప్పైఇద్దరు ఆడపిల్లల ఎదుట గీత బయటికి పంపిన అన్యాయం గురించి, ఆ అన్యాయానికి బాట వేసిన ఇంకొక మనిషి గురించి, మాకు కావలసిన పది దినాల గురించి.

అన్యాయం జరిగినది. చేసినది దేవరాజులు గారు. ఈ రెండు వాక్యాలూ ముందే రాసిపెట్టుచున్నాను, ఎందుకనగా కచ్చేరీలలో అర్జీ మొదటి పుట మాత్రమే చదువుతారని విన్నాను. బస్టాండులో అర్జీలు రాసే మునిస్వామి గారు "మహారాజరాజశ్రీ అని మొదలుపెట్టప్పా, పని జరుగుతాది" అని సలహా ఇచ్చినారు. రాజులు పోయి ముప్పైనాలుగు సంవత్సరాలైనదని ఆయనకు మనవి చేసి, కాగితం నేనే కొనుక్కొని, నేనే రాయుచున్నాను. తమరు పనిచేసేది ప్రజల కొరకు, నేను ప్రజలలో ఒకణ్ణి. మన ఇద్దరి మధ్య "అయ్యా" అనే మాట చాలును.

1) 14వ తేది శనివారం ఉదయం ఏడు గంటలకు మూడు ఊర్ల బాలికల ఖోఖో జట్టు సంత మైదానంలో సాధన చేయుచుండెను. ఈ పిల్లలందరూ ఒకచోట కలిసేది వారంలో ఆ ఒక్క దినమే. కుప్పం పిల్లలు శుక్రవారమే బస్సెక్కి వచ్చి మదనపల్లె పిల్లల ఇండ్లలో పండుకుంటారు. ఆ సమయమున దేవరాజులు గారు జీపు దిగి, అటెండరు చేత ఇనుప టేపు పట్టించి, కంబానికీ కంబానికీ నడుమ దూరం కొలిపించినారు. నమ్మకం చాలక మరల కొలిపించినారు. అటు పిమ్మట జరిగిన సంభాషణ ఈ కింద రాయుచున్నాను. నేను మూడు బారల దూరంలో ఉన్నాను. ఒక్క మాట కలపలేదు.

"ఎవరయ్యా ఈ కోర్టు వేసింది?"

"నేనే సార్," అన్నారు ఉస్తాద్ గారు.

"దేంతో కొలిస్తివి?"

"తాడుతో సార్."

"సర్టిఫికెట్టు ఏమన్నా ఉండాదా నీకు?"

"లేదు సార్. తాడే ఉండాది."

అటెండరు నవ్వినాడు. దేవరాజులు గారు నవ్వలేదు. "రెండడుగుల మూడంగుళాలు తక్కువ ఉండాది. ఇంత పెద్దమనిషివి, ఆడపిల్లోళ్ళకు తప్పుడు కోర్టులో ఆట నేర్పిస్తాండావు. ఇంక మీదట ఈ గీత దాటి లోపలికి రావద్దు" అని బూటు కొనతో సున్నపు గీత చూపించినారు.

ఉస్తాద్ గారు కోర్టులోకి చెప్పులతో అడుగుపెట్టరు. వారి చెప్పులు ఎప్పుడూ గీత బయట, తూర్పు కంబం మూలన ఉంటాయి. ఆ దినం వారు నడిచిపోయి, గీత దాటి, చెప్పులేసుకున్నారు. చెప్పులేసుకునేటప్పుడు ఒక చెయ్యి దేనిమీదనో ఆనించుకోవలెనని గాలిలో వెతికినారు. కంబం గీత లోపల ఉన్నది, ఆసరాకు బయట ఏమీ లేదు. నాకు ఇది రాయవలసిన అవసరం లేదు, కానీ రాసినాను.

తరువాత దేవరాజులు గారు తప్పు గీతలు మైదానంలో ఉండరాదని చెప్పి, ఆ గీతలను పిల్లల కాళ్ళతోనే చెరిపించినారు. కంబాలు రెండూ పెరికించినారు. అర్హత కలిగిన శిక్షకుడు లేని పక్షంలో ఈ నెల 29న చిత్తూరులో జరిగే జోనల్ పోటీల నుంచి మా జట్టు పేరు కొట్టివేయబడునని చెప్పి జీపెక్కినారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. అంతా నోటి ఉత్తరువే. ఆ దినం బాలల దినోత్సవమని తమకు గుర్తు చేయనక్కరలేదు.

2) అలావుద్దీన్ ఉస్తాద్ గారు ఎవరనగా, వయస్సు అరవైఒకటి, మదనపల్లెలో పాత్రలకు కళాయి పోయుదురు. పడుచుతనంలో అనంతపురం దాకా పోయి ఖోఖో ఆడి వచ్చినవారు. 1977 నుంచి ఆడపిల్లలకు ఉచితంగా నేర్పుచున్నారు. వారు వారానికొక మారు కంబాలు నాటి కొత్తగా గీతలు వేస్తారు, ఎందుకనగా మంగళవారం ఎద్దుల సంత కొరకు కంబాలు పెరకవలసి ఉన్నది. బుధవారం పేడ ఎత్తుతారు. గురువారం కంబాలు నాటుతారు. పేడ ఎత్తుటకు గూడ సర్టిఫికెట్టు కావలెనని దేవరాజులు గారు అడగలేదు.

వారి సతీమణి బద్రున్నీసమ్మ గారు మైదానం అంచున గోనెపట్టా పరుచుకొని, చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటారు. ఈ సంగతి తమరు చిన్నదనుకోరాదు. ఆయమ్మ అక్కడ కూర్చున్నది గనుకనే మూడు ఊర్ల తల్లులు ఆడపిల్లలను నిక్కర్లు వేసి మైదానానికి పంపుచున్నారు. ఉస్తాద్ గారు రాకపోతే ఆయమ్మ రాదు. ఆయమ్మ రాకపోతే పిల్లలు రారు. దేవరాజులు గారు ఒక్క మనిషిని బయటికి పంపినాననుకుంటున్నారు. ఆయన పంపినది జట్టును.

వారు నేర్పే పద్ధతి వివరించవలసి ఉన్నది, ఎందుకనగా వ్యవహారమంతా ఆ పద్ధతిలోనే ఉన్నది. ఖోఖోలో తరిమే పిల్ల ఒకవైపుకు పరుగు మొదలుపెడితే కంబం చుట్టివచ్చేదాకా వెనుదిరగరాదు. పారిపోయే పిల్ల కంబం దగ్గరే తప్పించుకుంటుంది. అందుచేత తరిమే పిల్ల చివరి గడి దాటినప్పటి నుంచి అడుగులు లెక్కపెట్టి, కంబం వైపు చూడకుండానే చెయ్యి చాపి దూకవలెను. ఉస్తాద్ గారు తమ తలగుడ్డ విప్పి పిల్లల కండ్లకు కట్టి, ఏక్, దో, తీన్ అని కడుపులో లెక్కపెట్టించి ఉరికిస్తారు. వందమార్లు. రెండువందల మార్లు. వారు చెప్పే మాట ఒక్కటే:

"కంబాన్ని సూడొద్దు బిడ్డా. కంబం యాడికీ పోదు. పోయేదాన్ని సూడు."

ఈ మాటను నేను మా సంఘం నోటు పుస్తకంలో రాసి కింద గీత గీసినాను. చదివిన కరపత్రాలలో గూడ ఇంత సూటియైన వాక్యం నాకు దొరకలేదు.

3) జీపెక్కబోతూ దేవరాజులు గారు నన్ను చూసి, "నువ్వు పుంగనూరోడివి గదా. మీ ఆవులూ పొట్టివే, మీ కోర్టులూ పొట్టివే" అన్నారు. ఆ పొట్టి ఆవు పాలలో ఎంత వెన్న ఉండునో ఆయన భార్యను అడిగి తెలుసుకొనవలెను. ఈ అంశంపై నాకు వేరే కోరిక లేదు.

4) ఈ అంశం రాయకుండా తప్పించుకొనవలెనని నిన్న మూడు కాగితాలు చించినాను. తప్పించుకొనుట కుదరలేదు.

ఆ జీపును పిలిపించినది నేను.

గత సంవత్సరం చిత్తూరు జోనల్ ఫైనల్లో మా నాయకురాలు మునిలక్ష్మి, ఊరు కురబలకోట, వయస్సు అప్పటికి పదునాలుగు, కంబం దగ్గర దూకినది. చివరి నిమిషం. పారిపోయే పిల్ల కంబం పట్టుకొని తిరుగుతున్నది. మునిలక్ష్మి లెక్క తప్పలేదు, దూకు తప్పలేదు. కానీ ఆ అమ్మాయి చెయ్యి కంబానికి జానన్నర ఇవతల నేలమీద పడినది. గడ్డం చీలి, ముందుపన్ను ఒకటి విరిగినది. మేము పరుగెత్తిపోయి లేపితే ఆ పిల్ల ఏడ్వలేదు. నోటినిండా మన్నూ నెత్తురూ పెట్టుకొని ఉస్తాద్ గారి ముఖం చూసి ఒక్కటే మాట అన్నది:

"కంబం పారిపోయింది ఉస్తాద్."

ఉస్తాద్ గారు తలగుడ్డ విప్పి ఆ పిల్ల గడ్డానికి అదిమిపట్టినారు. జవాబు నేను చెప్పినాను. కంబం తనంతట తాను పోదు, పోయినదంటే జరిపినవాడు ఉన్నాడని నేను అక్కడికక్కడే తేల్చినాను. 1978లో ఒక పాయింటుతో ఓడినాము. 79లో మూడు పాయింట్లతో. 80లో ఆరు పాయింట్లతో. మూడేండ్లుగా పెరుగుతూ వచ్చినదంటే ఇది పట్టణపు జట్లు గ్రామీణ జట్ల మీద చేయుచున్న ఒక క్రమబద్ధమైన కుట్ర అని, చిత్తూరు కోర్టులో కంబాలు ఏటేటా జరుపబడుచున్నవని, "కంబం జరిపిన చేతులెవరివి?" అనే శీర్షికతో కరపత్రం రాసి, అయిదువందల ప్రతులు అచ్చువేయించి మూడు ఊర్లలో పంచినాను. రెండువందల పన్నెండు సంతకాలతో గత నెల 3వ తేదిన అర్జీ పెట్టినాను. అందులో నా చేతిరాతతోనే ఈ వాక్యం ఉన్నది: "అన్ని కోర్టులనూ ప్రభుత్వమే కొలిచి, తేడా చేసినవారిని మైదానంలో అడుగుపెట్టకుండా చేయవలెను."

ప్రభుత్వం మొదటిసారి నా మాట విన్నది.

దేవరాజులు గారు 10వ తేదిన చిత్తూరు కోర్టు కొలిచినారు. అంగుళం తేడా లేదు. పిమ్మట పుంగనూరు, కుప్పం, మదనపల్లె. మూడూ రెండడుగుల మూడంగుళాలు తక్కువ. చిత్తూరు మైదానం కాపలాదారుల మీద నేను వేసిన నింద అబద్ధమని ఈ మూలకంగా ఒప్పుకొనుచున్నాను. వారికి వేరే కార్డు రాసినాను. జవాబు రాలేదు, రానవసరం లేదు.

5) కావున దేవరాజులు గారి కొలతలో తప్పు లేదు. అది మా సంఘం రాతపూర్వకంగా అంగీకరించుచున్నది. నేను మాత్రం శనివారం మధ్యాహ్నం దాకా అంగీకరించలేదు. ఉస్తాద్ గారి వరండాలో అత్యవసర సమావేశం జరిగినప్పుడు ఆ టేపే తప్పుడు టేపు అని వాదించినాను. కుప్పం రైల్వే స్టేషను బయట టీ అంగడి పెట్టుకొని వాలీబాల్ నేర్పే రంగప్ప గారు నన్ను ఆపినారు.

"ఇనుప టేపప్పా అది. ఇనుము యాల అబద్ధం సెప్తాది? ఆ జీపును పిల్సుకొనొచ్చింది నీ కాయితమే గదప్పా గంగాధరం."

"నేను కాయితం రాసింది న్యాయం కోసం రంగప్పన్నా."

"న్యాయం వచ్చె గదా మరి. జీపులో వచ్చె. ఇంగేం గావల్ల నీకు?"

నేను లేచి వాదన పెంచబోతిని. అప్పుడు లోపల నుంచి, చింతపండు గంప పక్కకు నెట్టి, బద్రున్నీసమ్మ గారు గడప దాకా వచ్చినారు.

ఇక్కడ తాడు గురించి చెప్పవలెను. మా సంఘం ఆస్తుల జాబితాలో మొదటి వరుస: "నూలుతాడు ఒకటి. విజిలు ఒకటి." 1977లో రైల్వే గ్యాంగువారి టేపు అడిగి తెచ్చి, సరిగా కంబానికీ కంబానికీ ఉండవలసిన పొడవు కోసి, రెండు కొనలా ముళ్ళు వేసినాము. అదే కొలత. ఆ తాడే బస్సు కండక్టర్ల చేతిలో మదనపల్లె నుంచి పుంగనూరుకు, పుంగనూరు నుంచి కుప్పానికి పోయి వస్తుంది. కూర్చునే గడులు మాత్రం కట్టెకోలతో నడుమ నుంచి కొలిచి వేస్తాము. సున్నపు నీళ్ళు, పేడ, బస్సు గ్రీజు అంటుకొని తాడు వారాంతానికి ఉస్తాద్ గారి ఇల్లు చేరుతుంది.

"ఆ తాడును నేను ఉతుకుతాండానప్పా," అన్నారు ఆయమ్మ. "సోడా ఏసి ఉడకబెట్టి. పిల్లోళ్ళు పట్టుకునే తాడు గదా, పేడకంపు కొడతా ఉంటే యెట్లా?"

ఆయమ్మ సందు వైపు చెయ్యి చూపించినారు.

"మా గుంజకు ఒక కొన కట్టి, సందు సివర గోడ మేకుకు ఇంకో కొన కడతా. మొదట్లో సరిగ్గా అందుతా ఉండె. మరుసటేడు అందలే. మేకు తప్పు సోట ఉండాదనుకొని ఇవతలికి కొట్టినా. మళ్ళా అందలే. మళ్ళా కొట్టినా. ఇప్పుడుండేది నాలుగో మేకు."

మేమందరం సందు చివరకు పోయినాము. గోడ మీద మూడు మేకు రంధ్రాలు ఒక వరుసలో ఉన్నవి. నాలుగోదానిలో మేకు ఉన్నది. మొదటి రంధ్రం నుంచి మేకు దాకా నా చేతితో కొలిచినాను. సరిగ్గా మూడు జానలు. మూడు జానలంటే రెండడుగుల మూడంగుళాలు.

అయ్యా, నూలుతాడు ఉడికించి ఉతికితే ముడుచుకుంటుందని మా పదకొండుమందిలో ఒక్కరికీ తట్టలేదు. మా మూడు ఊర్ల కోర్టులూ ఒకే తాడుతో వేసినవి గనుక మాలో మేము ఆడుకుంటే తేడా కనపడలేదు. గడులు కట్టెకోలతో నడుమ నుంచి కొలిచినవి గనుక తక్కువైనదంతా రెండు కొనల దగ్గరే తేలినది. ఒక్కొక్క కంబం జానన్నర లోపలికి వచ్చినది. పిల్లలు ఆ కంబాన్ని కండ్లు మూసుకొని నేర్చుకున్నారు. తాడు ముడుచుకున్నకొద్దీ మేము ఒకటి, మూడు, ఆరు పాయింట్లతో ఓడుతూ వచ్చినాము. నేను కుట్ర అని లెక్కగట్టినది బద్రున్నీసమ్మ గారి చాకిరేవు.

ఏ కొలతా తటస్థం కాదని నేనొక కరపత్రంలో చదివి ఉంటిని. ఆ వాక్యాన్ని ఇంకా ఆలోచించుచున్నాను.

6) ఇక సర్టిఫికెట్టు విషయం. అది ఇచ్చే చోటు ఉత్తరదేశంలో ఉన్నదట. ఏడాదిపాటు అక్కడే ఉండి, ఇంగ్లీషులో చదవవలెనట. ఉస్తాద్ గారి కొలిమి ఏడాదిపాటు ఎవరు ఊదుతారు? రంగప్ప గారి బాయిలరు కింద బొగ్గులు ఎవరు వేస్తారు? మా సంఘం ప్రకటనలో మొదటి వాక్యం "నేర్పేవాడు కూడా శ్రామికుడే" అని నేను రాసినాను. చదువు వద్దని మేము అనలేదు. ఆ చదువును మదనపల్లెకు తీసుకురమ్మంటున్నాము. పదకొండుమందిమి పలకలు పట్టుకొని ముందు వరుసలో కూర్చుంటాము. అంతవరకు, నేర్చినవాణ్ణి కాగితం లేదని బయటికి పంపేవారు, నేర్చినవాడి స్థానంలో ఎవరిని పంపుచున్నారో చెప్పవలెను. శనివారం నుంచి ఇప్పటిదాకా ఎవరినీ పంపలేదు.

7) నిన్న ఆదివారం కురబలకోట పోయినాను. మునిలక్ష్మి తండ్రి వెంకటప్ప గారు గొర్రెలను తోలుకొని బయలుదేరుచున్నారు. మునిలక్ష్మి చేతిలో కట్టె ఉన్నది.

"సూడప్పా గంగాధరం," అన్నారు వెంకటప్ప గారు. "ఆ బద్రున్నీసమ్మ కూసోనుంటే పంపిస్తా. ఆయమ్మ లేదంటే పంపేది లేదు. ఈడ గొర్రెలుండాయి. నువ్వు యిడిసిపెట్టి పో."

"మళ్ళీ యేడు మునిలక్ష్మికి వయసు దాటిపోతాది మామా. ఇదే కడాకరి పోటీ."

"అది నాకు సెప్తావేమప్పా? సెప్పాల్సినోళ్ళకు సెప్పు."

అందుచేత తమరికి చెప్పుచున్నాను.

మునిలక్ష్మి నాతో ఒక ప్రశ్న వేసినది. "అన్నా, నిజమైన కంబం జానన్నర అవతల ఉండాదంట గదా. అంటే ఇంకో అడుగా, సగం అడుగా?" నాకు తెలియలేదు. కరపత్రాలు రాసే నాకు, కబడ్డీ నేర్పే నాకు, ఆ పిల్ల కాలికి జానన్నర అంటే ఎంతో తెలియలేదు. తెలిసినవాడు మూడు ఊర్లలో ఒక్కడే ఉన్నాడు. ఆయన గీత బయట ఉన్నాడు.

అక్కడినుంచి నేరుగా ఉస్తాద్ గారి ఇంటికి పోయినాను. వారు రాగి బిందె గీకుచున్నారు. కాళ్ళు పట్టుకుందామని వంగితే గీకుడు కట్టె అడ్డం పెట్టినారు.

"లెయ్యి లెయ్యి. కళాయి పొయ్యాలంటే ముందు పాతది గీకల్ల గంగాధరం. గీకేటప్పుడు బిందె అరుస్తాది. యాల అరుస్తాండావని బిందెను తిడతామా?"

"నా అర్జీ వల్లనే గదా ఉస్తాద్ ఇదంతా."

"నీ అర్జీ వల్ల తాడు సంగతి తెలిసె. లేకుంటే ఇంకో పిల్ల పన్ను యిరిగేది." కొంచెంసేపు గీకి, మళ్ళీ అన్నారు: "జానన్నర నేర్పల్ల. కండ్లు మూసుకొని నేర్చింది కండ్లు మూసుకొనే మార్చుకోవల్ల. పది దినాలు సాలు నాకు. పది దినాలు ఇప్పించగలవా?"

"ఇప్పిస్తా ఉస్తాద్. మూడు ఊర్లనూ లేపుతా."

"లేపొద్దు. జిందాబాదులొద్దు. సర్కారు గీత దాటొద్దనింది, నేను దాటను."

జిందాబాదులు లేకుండా ఎట్లు అడుగుదురో నేను ఎక్కడా చదవలేదు. రాత్రంతా ఆలోచించినాను. అప్పుడు ఒక సంగతి తెలిసినది, అది తమరికి మనవి చేయుచున్నాను.

దేవరాజులు గారి ఉత్తరువు "ఈ గీత దాటి లోపలికి రావద్దు" అని. పిమ్మట ఆ గీతను ఆయనే చెరిపించినారు. ఈ దినం సంత మైదానంలో గీత లేదు. గీత లేని చోట లోపల లేదు, బయట లేదు. కావున కొత్త గీత వేసేదాకా ఉస్తాద్ గారు అక్కడ నిలబడుట ఏ ఉత్తరువునూ ధిక్కరించుట కాదు. ఇది నేను ముగ్గురు ప్లీడరు గుమాస్తాలను అడిగినాను. ఒకరు నవ్వినారు, ఇద్దరు ఒప్పుకున్నారు.

గీత ఎట్లయినా వేయవలసినదే. ఈసారి సరియైన కొలతతో వేయవలెను. సరియైన టేపు మా దగ్గర లేదు, దేవరాజులు గారి దగ్గర ఉన్నది. టేపు పట్టుటకు రెండు కొనలా ఇద్దరు కావలెను. ఒక కొన ఆయన పట్టుకొనవలెను. ఇంకొక కొన పట్టుకొనుటకు మా దగ్గర అరవైఒక్క ఏండ్ల మనిషి ఉన్నాడు.

మేము కోరునది ఏమనగా: దేవరాజులు గారు ఆ టేపుతో రావలెను. రెండు కంబాలూ ఉండవలసిన చోట నాటించవలెను. కడపటి గీత కలిసేటప్పుడు ఉస్తాద్ గారు లోపల ఉండవలెనో బయట ఉండవలెనో తమరు ముప్పైఇద్దరు పిల్లల ఎదుటనే, నోటితో గాక కాగితం మీద, తేల్చి చెప్పవలెను. లోపల అని తేల్చితే పది దినాల తరువాత చిత్తూరులో మా జట్టు ఆడుతుంది. ఓడినా ఈసారి కుట్ర అని కరపత్రం వేయనని నా తల్లి సాక్షిగా రాసి ఇచ్చుచున్నాను. బయట అని తేల్చితే ఆ పది దినాలూ మునిలక్ష్మికి జానన్నర ఎవరు నేర్పుతారో ఆ కాగితం మీదనే పేరు రాయవలెను.

పై నింద నాది, పై తప్పు నాది. శిక్ష వేయదలిస్తే కార్యదర్శి చిరునామా పైన ఉన్నది. పగలు సైకిలు షాపులో పంక్చర్లు వేస్తూ ఉంటాను.

ఇంతవరకు తమరు చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట ఆ జీపుకు పెట్రోలు పోయించవలెను.

గురువారం ఉదయం ఆరు గంటల వరకు
తమ విధేయుడు,
ఎం. గంగాధరం
కార్యదర్శి

నకళ్ళు: ఉస్తాద్ గారు తప్ప మిగిలిన సంఘ సభ్యులు తొమ్మిదిమందికి, పిల్లల తల్లిదండ్రులకు, శ్రీ దేవరాజులు గారికి.

తా.క. ఈ అర్జీ సంగతి ఉస్తాద్ గారికి తెలియదు. వద్దంటారని చెప్పలేదు. బద్రున్నీసమ్మ గారికి చదివి వినిపించినాను. తాను చెప్పినది చెప్పినట్లు కింద రాయమన్నారు, రాసినాను:

"సార్‌కు సలాం. తాడు ఉతికింది నేను, ఆయన కాదు. మేకు మార్చింది నేను, ఆయనకు సెప్పలే. తప్పు నాది గాబట్టి నన్ను గీత బయట పెట్టండి సార్. నేను యెట్లా ఐనా బయటనే కూసోనుండేదాన్ని. నాలుగేండ్లుగా ఆడనే ఉండాను, నాకు అలవాటే. ఆయనకు అలవాటు లేదు. శనివారం నుంచి ఇంట్లో గూడ గడప దాటేటప్పుడు ఒక తూరి నిలబడి సూసి దాటుతాండాడు."

కావున మూడు ఊర్ల శిక్షకులు, పిల్లలు, తల్లులు, దేవరాజులు గారు, తమరు, అందరూ రావలెను. గురువారం, ఈ నెల 19వ తేది, ఉదయం ఆరు గంటలకు, మదనపల్లె సంత మైదానం, తూర్పు కంబం గుంత దగ్గర. పేడ బుధవారమే ఎత్తివేస్తాము. సున్నం మేము తెస్తాము. టేపు తమరు తెండి. రెండో కొన పట్టుకునే మనిషి చెప్పులు విడిచి నిలబడి ఉంటాడు.